గగనసుందరికి పెళ్ళిచూపులు

విమానానికి అందమేమిటండీ అని మనలాంటి వాళ్ళకి అనిపించడం సహజమే. టిక్కెట్టు దొరికిందా, కిటికీ పక్కన సీటు వచ్చిందా, సామాను బరువెక్కువైందని కౌంటర్లో అమ్మాయి పేచీ పెట్టకుండా వుందా, మన పట్టింపు అంతవరకే. ఎక్కి దిగిన విమానం పేరేమిటో చెప్పమంటే నూటికి తొంభైమందిమి నీళ్ళు నములుతాం. కానీ ఈ లోకంలో ఇంకో జాతి వుంది. ఆకాశంలో మోత వినపడగానే కంచం ముందునుంచి లేచి డాబా మీదికి పరుగెత్తే జాతి. తోక చూసి వంశం, మోత విని గోత్రం చెప్పేస్తారు. అలాంటి వాళ్ళని ఇద్దర్ని ఒకచోట కూర్చోబెట్టి, ఇంతవరకూ మనిషి కట్టిన విమానాల్లోకెల్లా అందమైనదేదీ అని ఒక్క ప్రశ్న వేసి మీ పని మీరు చూసుకోండి. మీకు వంటా, వడ్డనా అయిపోతాయి గానీ వాళ్ళ వాదన మాత్రం తెమలదు.

ఆ వాదన వింటూంటే నాకు మాత్రం పాతకాలపు పెళ్ళిచూపులే గుర్తొస్తాయి. ముక్కు తీరుగా వుంది గానీ నడుం దగ్గర మందం. మెడ పొడుగే గానీ కాళ్ళు మరీ సన్నం. ఎదురుగా చూస్తే లక్షణంగా వుంది, పక్కనుంచి చూస్తే ఏదో వెలితి. ఒకసారి నడిచి చూపించమనండి! తేడా అల్లా ఒకటే: ఇక్కడ పిల్ల తలవంచుకుని కూర్చోదు, గంటకి వందల మైళ్ళ వేగంతో నెత్తిమీంచి దూసుకుపోతుంది.

ఇందులో స్వదేశాభిమానం పాలు కూడా తక్కువేమీ కాదు. ఇంగ్లీషువాణ్ణి అడిగితే స్పిట్‌ఫైర్ అంటాడు. అమెరికావాడు మస్టాంగ్ అనో, కాన్‌స్టెలేషన్ అనో అంటాడు. ఫ్రెంచివాడు కంకార్డ్ అంటాడు, అందులో సగం వాటా ఇంగ్లీషువాడిదన్న సంగతి ఆ క్షణానికి మర్చిపోయి. కుర్రకారు బ్లాక్‌బర్డ్ అనే నల్లటి గూఢచారి విమానం బొమ్మ గోడకి తగిలించుకుంటారు. 1964లో మొదటిసారి ఎగిరిన ఆ నల్లపిల్ల నేలమీద నిలబడి వున్నంతసేపూ ఇంధనం బొట్లుబొట్లుగా కారుస్తూ వుండేదట. గాల్లో వేడెక్కి ఒళ్ళు సాగితేగాని అతుకులు బిగిసేవి కావు!

కాన్‌స్టెలేషన్ మనకీ చుట్టమే. 1948 జూన్ 8న ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ వాళ్ళు బొంబాయి నుంచి లండన్‌కి మొదటి సర్వీసు నడిపింది 'మలబార్ ప్రిన్సెస్' అనే కాన్‌స్టెలేషన్‌తోనే. చేపలా వంపు తిరిగిన ఒళ్ళు, వెనక మూడు నిలువు తోకలు. ఆ మూడు తోకలూ సింగారం కోసం కావు. ఒకే తోక ఎత్తుగా నిలబెడితే అప్పటి షెడ్ల తలుపుల్లో పట్టదని ముగ్గురికి పంచారు. ఆ రాకుమారి 1950 నవంబర్ 3న ఆల్ప్స్ పర్వతాల్లో మౌంట్ బ్లాంక్‌కి కొట్టుకుంది. 48 మంది పోయారు.

కంకార్డ్ సంగతీ అంతే. దిగేటప్పుడు ముక్కు కిందికి వంచుతుంది. ఆ భంగిమ చూసి నీటిమీద వాలే కొంగ అని కవిత్వాలు చెప్పారు. ఆ పొడుగాటి ముక్కు అలా వంచకపోతే పైలట్‌కి రన్‌వే కనిపించదు, అదీ అసలు సంగతి. 1976 నుంచి 2003 వరకూ శబ్దానికి రెట్టింపు వేగంతో డబ్బున్నవాళ్ళని మోసింది. మొత్తం కట్టినవి 20. 2000 జూలైలో పారిస్ దగ్గర ఒకటి కూలి 113 మందిని పొట్టన పెట్టుకున్నాక మూడేళ్ళకి దాని ముచ్చట ముగిసింది.

విమానాలు కట్టేవాళ్ళలో ఒక నానుడి వుంది: చూడ్డానికి సరిగ్గా వుంటే ఎగరడానికీ సరిగ్గానే వుంటుంది అని. ఈ మాట మొదట అన్నవాళ్ళెవరో తలా ఒక పేరు చెబుతారు గానీ, అభిమానులందరికీ అదే వేదవాక్యం. అందం కొరుక్కు తింటామా అని మన పెద్దవాళ్ళు అన్నదానికి ఇది సరిగ్గా ఎదురు మాట. కంటికి నచ్చితే చాలు, లోపల కూడా బాగానే వుంటుందని భరోసా! ఆడపిల్లల విషయంలో ఈ భరోసాతో పెళ్ళిళ్ళు చేసుకుని తర్వాత నాలిక కరుచుకున్నవాళ్ళ కథలు నా నవలల్లోనే రెండున్నాయి. విమానాల విషయంలో ఎంతవరకు నిజమో చూద్దామని రెండు సుందరుల చరిత్రలు తిరగేశాను. ఒకటి స్పిట్‌ఫైర్. రెండోది కామెట్.

స్పిట్‌ఫైర్‌ని రూపొందించిన ఆర్. జె. మిచెల్ 1895లో పుట్టాడు. సౌతాంప్టన్‌లో సూపర్‌మెరీన్ అనే కంపెనీలో చేరి, నీటిమీంచి లేచే పందెపు విమానాలు కట్టి పేరు తెచ్చుకున్నాడు. ష్నైడర్ ట్రోఫీ అని అప్పట్లో పెద్ద పందెం. 1927లో, 1929లో ఇంగ్లండు గెలిచింది. మూడోసారి కూడా గెలిస్తే కప్పు శాశ్వతంగా వాళ్ళదే. సరిగ్గా అప్పుడే దేశం ఆర్థికమాంద్యంలో వుంది, డబ్బివ్వలేమని ప్రభుత్వం చేతులెత్తేసింది. అప్పుడు ముందుకొచ్చింది లేడీ హూస్టన్ అనే ఆవిడ. వయసులో వుండగా రంగస్థలం మీద బృందనాట్యాలు చేసిన మనిషి. మూడో భర్త ఓడల వ్యాపారి, ఆయన పోతూ పోతూ వదిలివెళ్ళిన ఆస్తి ఆవిడ చేతికొచ్చింది. లక్ష పౌన్లు తీసి ఇచ్చింది. 1931లో మిచెల్ విమానం పందెం గెలవడమే కాదు, ఆ నెలలోనే గంటకి 407 మైళ్ళ వేగంతో ప్రపంచ రికార్డు సృష్టించింది. ఆ వేగాల దగ్గర నేర్చుకున్న పాఠాలన్నీ తర్వాత స్పిట్‌ఫైర్‌కి అక్కరకొచ్చాయి. గగనసుందరికి మొదటి సారె పెట్టింది ఒకప్పటి నాట్యగత్తె అన్నమాట.

అయితే పందెపు విమానాల నుంచి నేరుగా సుందరి పుట్టలేదు. మధ్యలో ఒక పిల్ల పుట్టింది. పేరు కూడా సరిగ్గా పెట్టలేదు, టైప్ 224 అన్నారంతే. 1934 ఫిబ్రవరిలో ఎగిరింది. భుజాలు వంగిన రెక్కలు, లాగుల్లాంటి తొడుగుల్లో ఇరుక్కున్న చక్రాలు, ఆవిరితో చల్లబడాల్సిన ఇంజను కాస్తా సలసలా కాగిపోవడం. వేగం కూడా అనుకున్నంత రాలేదు. సైన్యం వాళ్ళు పెదవి విరిచారు. మిచెల్ దాన్ని పక్కనపెట్టి మళ్ళీ కాగితం ముందు కూర్చున్నాడు. అప్పటికే ఆయనకి పేగు కాన్సర్. 1933లో పెద్ద ఆపరేషన్ చేశారు, తిరగబెట్టవచ్చునని చెప్పారు. ఆ మాట మనసులో పెట్టుకుని మనిషి ఏం చేస్తాడు? మిచెల్ పనిలోకి వెళ్ళాడు. విమానం నడపడం నేర్చుకుని 1934లో లైసెన్సు కూడా పుచ్చుకున్నాడు.

1942లో ఈయన మీద ఇంగ్లీషువాళ్ళు ఒక సినిమా తీశారు, 'ది ఫస్ట్ ఆఫ్ ది ఫ్యూ' అని. అందులో మిచెల్ సముద్రపు గట్టున పడుకుని ఎగిరే పక్షుల్ని చూస్తూ స్ఫూర్తి పొందుతాడు. సినిమావాళ్ళు ఎక్కడైనా సినిమావాళ్ళే. స్పిట్‌ఫైర్ అందమంతా దాని రెక్కలో వుంది, ఆ రెక్క వెనక వున్నది పక్షులు కావు, తుపాకులు.

కథ ఒక ఇంటి వంటగదిలో మొదలైంది. వైమానిక మంత్రిత్వ శాఖలో పనిచేసే కెప్టెన్ ఫ్రెడ్ హిల్‌కి ఒక అనుమానం వచ్చింది. కొత్త విమానాలు గంటకి మూడు వందల మైళ్ళ పైన పోతాయంటున్నారు. అంత వేగంలో శత్రువు తుపాకీకి ఎదురుగా నిలిచేది ఒకటి రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో కూల్చాలంటే ఎన్ని తుపాకులుండాలి? 1934లో ఆ లెక్కల కాగితాలు ఇంటికి తెచ్చుకుంటే, లెక్కల్లో చురుకైన కూతురు హేజెల్, 13 ఏళ్ళ పిల్ల, వంటింటి బల్ల దగ్గర తండ్రి పక్కన కూర్చుని గ్రాఫులు గీసి సాయం చేసింది. ఎనిమిది కావాలని తేలింది. అప్పటిదాకా నాలుగు చాలనుకుంటున్నారు. పదమూడేళ్ళ పిల్ల లెక్క అని కాదు గానీ, ఎనిమిదంటే చాలామంది అధికారులకి మొదట మింగుడు పడలేదు. చివరికి ఎనిమిదే ఖాయమైంది.

మరి ఎనిమిది తుపాకులు ఎక్కడ పెట్టాలి? రెక్క ఎంత పల్చగా వుంటే విమానం అంత వేగంగా పోతుంది. పల్చటి రెక్కలో తుపాకులు, తూటాల పెట్టెలు, పైకి మడుచుకునే చక్రాలు, వీటన్నిటికీ చోటేది? కొసకి పోయేకొద్దీ సన్నబడిపోయే మామూలు రెక్కలో పట్టవు. అప్పుడు మిచెల్ దగ్గర పనిచేసే బెవర్లీ షెన్‌స్టన్ అనే కెనడా ఇంజనీరు కోలరెక్క గీశాడు. కోలమొహం అంటామే, అలాగ. ఈ రెక్క చాలా దూరం వరకూ వెడల్పు తగ్గకుండా వచ్చి, చివర్న మాత్రం గుండ్రంగా తిరిగిపోతుంది. కనక లోపల చోటు. పైగా రెక్క కొసల దగ్గర గాలి సుడి తిరిగి వెనక్కి లాగే బాధ కూడా కోలరెక్కకి తక్కువ. జర్మనీలో హైన్‌కెల్ విమానం ఒకదానికి అంతకు ముందే ఇలాంటి రెక్క వుంది, దాన్ని చూసి కాపీ కొట్టాడని కొందరు, కాదని షెన్‌స్టన్, ఆ తగవు ఇప్పటికీ అభిమానుల మధ్య నడుస్తూనే వుంది. మిచెల్‌కి మాత్రం అది కోలగా వుందా పలకగా వుందా అన్న పట్టింపే లేదు, తుపాకులు పడితే చాలన్నాడు.

కవులు వర్ణించిన ఆ వంపు ఇలా వచ్చింది. తూటాల పెట్టె పట్టడానికి!

1936 మార్చి 5న సౌతాంప్టన్ దగ్గర ఈస్ట్‌లీలో తొలిసారి ఎగిరింది. ఎనిమిది నిమిషాలు. పేరు పెట్టింది విమానశాస్త్రజ్ఞులు కాదు. కంపెనీ అధిపతి సర్ రాబర్ట్ మెక్లీన్‌కి ఒక కూతురు, మాట పడని పిల్ల, తండ్రి ముద్దుగా 'లిటిల్ స్పిట్‌ఫైర్' అనేవాడు. నిప్పులు కక్కే పిల్ల, మన వాళ్ళ మాటల్లో అగ్గిబరాటా. అదే విమానానికి ఖాయం చేశాడు. మిచెల్‌కి ఆ పేరు నచ్చలేదు, తిక్కపేరని విసుక్కున్నాడట. విసుక్కోవడానికి కూడా ఎక్కువ వ్యవధి మిగల్లేదాయనకి. 1937 జూన్ 11న పోయాడు. 42 ఏళ్ళు. మొదటి స్పిట్‌ఫైర్ సైన్యంలో చేరింది 1938 ఆగస్టులో.

ఆలస్యం ఎందుకైందో చెప్పనా? ఆ అందం వల్లే. వంపు తిరిగిన రెక్కలో ఒక అడ్డబద్ద లాగ ఇంకో అడ్డబద్ద వుండదు, దేని కొలత దానిది. కట్టడం చేతకాక బయటి కంపెనీలు తలలు పట్టుకున్నాయి. ఒక దశలో ఈ పిల్లతో వేగలేం, సంబంధం వదులుకుందాం అనే దాకా వెళ్ళింది ప్రభుత్వం.

ఈలోగా ఇంకో ఇంట్లో ఇంకో పిల్ల ఎదిగింది. హాకర్ కంపెనీలో సిడ్నీ కామ్ కట్టిన హరికేన్. స్పిట్‌ఫైర్ కంటే నాలుగు నెలలు పెద్దది, 1935 నవంబర్ 6న ఎగిరింది. ఇనప గొట్టాలు, కొయ్యబద్దలు, పైన గుడ్డ. మూపున గూని, మందపాటి రెక్కలు. పెళ్ళిచూపుల్లో చెల్లెలి పక్కన కూర్చోబెట్టకూడని అక్క. కానీ తూటా తగిలితే గుడ్డలోంచి దూరి అవతలికి పోయేది. చిరుగు మీద మాసిక వేస్తే మర్నాడు మళ్ళీ ఎగిరేది. కట్టడం తేలిక, బాగుచెయ్యడం తేలిక, చక్రాల మధ్య ఎడం ఎక్కువ కనక గతుకుల నేలమీద దిగినా పడిపోదు. 1940 జూలై నుంచి అక్టోబర్ వరకూ ఇంగ్లండు ఆకాశంలో జర్మన్ విమానాలతో జరిగిన ఆ పెద్ద పోరాటంలో స్పిట్‌ఫైర్ల కంటే హరికేన్‌లే ఎక్కువ. కూలిన శత్రు విమానాల్లో సగానికి పైగా హరికేన్ ఖాతాలోవే. అయినా పేరెవరికి వచ్చింది? కూలిన జర్మన్ పైలట్లు కూడా, హరికేన్ చేతిలో పడినవాళ్ళతో సహా, నన్ను పడగొట్టింది స్పిట్‌ఫైరే అని చెప్పుకునేవారట. ఓడిపోయినా అందగత్తె చేతిలో ఓడిపోతే పరువు దక్కుతుంది కాబోలు.

ఇంటి చాకిరీ అంతా అక్క చేస్తే, పండక్కి వచ్చిన చుట్టాలు చెల్లెలి జడ మెచ్చుకుని వెళ్ళడం మనం ఎరగనిదా! మా మేనల్లుడొకడున్నాడు, విమానాల పిచ్చివాడు, వాడి ముందు ఈ మాట అంటే, "అత్తా, నువ్వు విమానం చూస్తున్నావా, మనుషుల్ని చూస్తున్నావా?" అన్నాడు. "మనుషుల్నేరా" అన్నాను. ఆ తర్వాత వాడు వాదించలేదు.

ఇంతకీ ఈ సుందరికి మన ఇళ్ళనుంచి కూడా సారె వెళ్ళిందని ఎంతమందికి తెలుసు? 1940లో విమానాల ఉత్పత్తి మంత్రి లార్డ్ బీవర్‌బ్రూక్ ప్రజల్నించి చందాలు రాబట్టడానికి ఒక ఉపాయం పన్నాడు. 5,000 పౌన్లిస్తే ఒక స్పిట్‌ఫైర్ మీద మీ పేరు రాస్తాం. అసలు ఖర్చు అంతకు రెట్టింపు పైనే, కానీ గుండ్రటి అంకె చెవికింపుగా వుంటుంది. అంత ఇచ్చుకోలేనివాళ్ళ కోసం విడిభాగాలకీ ధర కట్టారు. ఆరు పెన్నీలకి ఒక రివెట్టు! పిల్లలు కూడా డబ్బాలు పట్టుకుని వీధులు తిరిగారు. హరికేన్ పేర నిధి పెట్టి వుంటే అన్ని డబ్బాలు నిండేవా అంటే నాకు అనుమానమే.

హైదరాబాదు నిజాం ఈ విషయంలో అందరికంటే ముందున్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలోనే 110వ స్క్వాడ్రన్‌కి విమానాలు సమర్పించుకుని దానికి హైదరాబాదు పేరు వచ్చేలా చేసుకున్నాడు. రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్ 'హైదరాబాద్ స్క్వాడ్రన్' అయింది. 1940 మొదట్లో దానికి స్పిట్‌ఫైర్లు వచ్చాయి. ఆ వేసవిలో ఇంగ్లండు దక్షిణ తీరాన వార్మ్‌వెల్ నుంచి లేచి జర్మన్లతో తలపడిన ఆ దళం చిహ్నం ఏమిటో తెలుసా? నిజాం తలపాగా. దాని కింద 'నమ్మకమైన మిత్రుడు' అని ఇంగ్లీషులో బిరుదు, తెల్లదొరలు నిజాంకి ఇచ్చిన బిరుదే. 253వ స్క్వాడ్రన్‌కి కూడా హైదరాబాదు సంస్థానం పేరే, దాని విమానాలు హరికేన్‌లు. అంటే అక్కచెల్లెళ్ళిద్దరికీ పుట్టింటి సారె హైదరాబాదు నుంచే. ఇటు 'మద్రాసు ప్రెసిడెన్సీ' పేరుతో 234, 264 స్క్వాడ్రన్లుండేవి. 234 వాళ్ళు ఆ పోరాటంలో నడిపింది స్పిట్‌ఫైర్లే. అప్పటికి మన కోస్తా జిల్లాలూ, రాయలసీమా మద్రాసు ప్రెసిడెన్సీలోవే కదా.

నిజాం ధనవంతుడే. కానీ దివాణం ఖజానా అయినా, ఆయన సొంత సర్ఫేఖాస్ భూములయినా శిస్తు కట్టింది రైతులే. ఏ నల్లగొండలోనో వరంగల్లులోనో వెట్టి చేసి శిస్తు చెల్లించిన మనిషికి, ఇంగ్లండు ఆకాశంలో కోలరెక్కల సుందరి ఒకతె తిరుగుతోందనీ, దాని రివెట్లలో తన చెమట కూడా వుందనీ ఎవరు చెబుతారు? అందమైన విమానాల జాబితాలు రాసేవాళ్ళు వంపుల గురించి పేజీలు రాస్తారు గానీ, ఈ ఖాతా ఎక్కడా కనపడదు. 1943 చివర్లో ఆ హైదరాబాద్ స్క్వాడ్రన్ మన దేశానికే వచ్చి బర్మా యుద్ధంలో పోరాడింది. విమానాల పక్కన దూకుతున్న నల్ల చిరుతపులి బొమ్మ వేసుకున్నారు.

ఇక కట్టిన చేతులు. 1940 సెప్టెంబర్ 24న, 26న సౌతాంప్టన్‌లోని సూపర్‌మెరీన్ ఫ్యాక్టరీ మీద బాంబులు పడ్డాయి. వందమందికి పైగా చచ్చిపోయారు. ఫ్యాక్టరీ పునాదుల దాకా పోయింది. అప్పుడేం చేశారంటే, ఒకేచోట కట్టడం మానేసి చుట్టుపక్కల ఊళ్ళలో పంచేశారు. బస్సు డిపోలు, కారు గారేజీలు, లాండ్రీలు. ఒకచోట రెక్క, ఒకచోట తోక. సాల్స్‌బరీ లాంటి ఊళ్ళలో ఆ పనిలోకి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలే. నిన్నటిదాకా కొట్లలో రిబ్బన్లు అమ్మిన పిల్లలు రివెట్లు కొట్టడం నేర్చుకున్నారు. కట్టిన విమానాన్ని సైన్యం వున్నచోటికి చేర్చేవాళ్ళలో కూడా ఆడవాళ్ళున్నారు. 1940 జనవరి 1న పాలీన్ గోవర్ నాయకత్వంలో ఎనిమిదిమందితో మొదలై మొత్తం మీద 168 మంది ఆడవాళ్ళు ఆ పని చేశారు. రేడియో లేదు, తుపాకుల్లో తూటాలుండవు, మబ్బు పడితే దైవమే దిక్కు. మొదట్లో మగవాళ్ళ కంటే జీతం తక్కువ. 1943 నుంచి సమానం చేశారు. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు.

అన్నట్టు, ఈ సుందరికి ఒక జబ్బు వుండేది. తలకిందికి పెట్టి హఠాత్తుగా కిందికి దూకబోతే ఇంజను ఒక్క క్షణం ఆగి దగ్గేది. కార్బురేటర్‌లో పెట్రోలు పైకి ఎగిసిపోయి ఇంజనుకి అందేది కాదు. హరికేన్‌దీ అదే ఇంజను, అదే జబ్బు. జర్మన్లకి ఈ బాధ లేదు. ఆ క్షణంలో ఎంతమంది కుర్రాళ్ళ ప్రాణాలు పోయాయో లెక్కకట్టేవాళ్ళెవరు? ఫార్న్‌బరో పరిశోధనశాలలో బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు వుండేది. మోటార్ సైకిలు మీద గంటకి వంద మైళ్ళ పైన పందెంలో తిరిగి బంగారు నక్షత్రం తెచ్చుకున్న మనిషి. పెట్రోలు గొట్టంలో పెట్టడానికి ఉంగరమంత బిళ్ళ ఒకటి, మధ్యలో చిన్న రంధ్రంతో, చేయించింది. 1941 మొదట్లో స్వయంగా స్థావరాలన్నీ తిరిగి బిళ్ళలు వేయించింది. జబ్బు పూర్తిగా పోలేదు గానీ ప్రాణాంతకం కాకుండా పోయింది. పైలట్లు ఆ బిళ్ళకి ఆవిడ పేరుతో ఒక మోటు పేరు పెట్టుకున్నారు, ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో అది రాయడం బాగుండదు.

స్పిట్‌ఫైర్లు అన్ని రకాలూ కలిపి 20 వేలకు పైగా కట్టారు. ఈ సుందరి విషయంలో ఆ నానుడి నెగ్గిందనే ఒప్పుకోవాలి. చూడ్డానికి బాగుంది, ఎగరడానికీ బాగుంది, మధ్యలో ఎవరెవరి చేతులో పడి బాగైంది.

రెండో సుందరి దగ్గరికి వస్తే నాకు కలం సాగదు. డి హావిలాండ్ కంపెనీ కామెట్. ప్రపంచంలో మొట్టమొదటి జెట్ ప్రయాణీకుల విమానం. 1949 జూలై 27న ఎగిరింది. మిగతా విమానాలకి ఇంజన్లు రెక్కల ముందు బుంగల్లా పొడుచుకొస్తే, దీనికి నాలుగు ఇంజన్లూ రెక్క మొదట్లో లోపలికి ఒదిగి వుండేవి. నగలు పైకి కనపడనివ్వని ఇల్లాలిలాగ. ఒళ్ళంతా తళతళా వెండి నునుపు. 1952 మే 2న లండన్ నుంచి జొహానెస్‌బర్గ్‌కి మొదటి సర్వీసు. 40 వేల అడుగుల ఎత్తున, మబ్బులకి పైన, కుదుపన్నది లేకుండా. బల్లమీద నాణెం నిలువుగా నిలబెడితే పడిపోయేది కాదని చెప్పుకునేవారు. 36 మంది ప్రయాణీకులు. ఇంత చక్కనిది ఎగరడంలో మాత్రం తప్పుతుందా?

సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 1953 మే 2న, సింగపూర్ నుంచి లండన్ వెడుతూ కలకత్తాలో ఆగిన కామెట్ ఒకటి డమ్‌డమ్ నుంచి లేచిన కొద్ది నిమిషాలకే ముక్కలై పడిపోయింది. 43 మంది. వైశాఖపు గాలివాన, దానిదే పాపం అన్నారు. 1954 జనవరి 10న ఇటలీ పక్కన ఎల్బా ద్వీపం దగ్గర ఇంకొకటి. వాన లేదు, గాలి లేదు. 35 మంది, అందులో పదిమంది పిల్లలు. సెలవులయిపోయి బళ్ళకి తిరిగి వెడుతున్న పిల్లలు కొందరు. అది మొదటి సర్వీసు నడిపిన విమానమే. కామెట్లన్నీ నేలకి దింపారు. కారణం దొరకలేదు. తోచిన మార్పులన్నీ చేసి, మార్చి 23న మళ్ళీ ఎగరనిచ్చారు. ఏప్రిల్ 8న నేపుల్స్ దగ్గర మూడోది. 21 మంది. కారణం తెలియకుండా ఎగరనిచ్చినవాళ్ళు ఆ పదహారు రోజులూ రాత్రిళ్ళు ఎలా నిద్రపోయారో!

ఈసారి మళ్ళీ ఫార్న్‌బరోయే దిక్కయింది. సర్ ఆర్నాల్డ్ హాల్ ఆధ్వర్యంలో పెద్ద నీళ్ళతొట్టి కట్టి, కామెట్ ఒకదాన్ని రెక్కలు మాత్రం బయటికి వుండేలా అందులో ముంచారు. లోపలికి నీళ్ళు ఎక్కించి, ఒత్తిడి పెంచి, తగ్గించి, మళ్ళీ పెంచి. విమానం పైకి పోయినప్పుడల్లా లోపలి గాలికి దాని ఒళ్ళు బూరలా పొంగుతుంది, దిగినప్పుడు సద్దుకుంటుంది. గాజులు తొడిగి తీసి తొడిగి తీసి చేసినట్టు, ఎన్నిసార్లు పొంగితే లోహానికి అలసట వస్తుందో చూడాలి వాళ్ళకి. రాత్రింబవళ్ళు చేశారు. అంతకు ముందు నిజంగా ఎగిరినవీ, తొట్టిలో చేసినవీ కలిపి 3,057సార్లు అయ్యేసరికి ఆ పల్చటి రేకు ఒక కిటికీ మూల దగ్గర బద్దలైంది. సముద్రం అడుగునుంచి దేవిన ఎల్బా విమానం ముక్కలు కూర్చి చూస్తే, నడినెత్తి మీద రేడియో కోసం తెరిచిన గవాక్షం మూల, రివెట్టు రంధ్రం దగ్గర పగులు కనిపించింది. పలకమూలల దగ్గర ఒత్తిడి అనుకున్నదానికంటే ఎంతో ఎక్కువ పోగవుతోంది. వెంట్రుకంత పగులు. రంగు కింద, మెరుగు కింద, ఏ కంటికీ ఆననిది.

ఈ లెక్కలన్నీ ఇంగ్లండు వాళ్ళు దాచుకోకుండా ప్రపంచం ముందు పెట్టారు. అమెరికాలో బోయింగ్ వాళ్ళతో సహా అందరూ చదువుకుని బాగుపడ్డారు. 1958 అక్టోబర్ 4న కొత్త కామెట్ అట్లాంటిక్ దాటి మొదటి జెట్ సర్వీసు నడిపింది గానీ, ఆ నెలలోనే బోయింగ్ 707 వచ్చి సంబంధాలన్నీ ఎగరేసుకుపోయింది. ఆ కొత్త కామెట్‌కి రేకు మందం పెంచారు. కిటికీలన్నీ గుండ్రంగా మార్చారు. అందగత్తె మొహంలో ఆ మార్పు బాగుందా, పాతదే బాగుండేదా అని మాత్రం విమానాభిమానులెవరూ కాఫీలు చల్లార్చుకుంటూ వాదించుకున్నట్టు నా చెవిని పడలేదు.